చిన్నావిడ మడత

నగరం అంచున, బస్సులు వెనక్కి తిరిగే మలుపు దగ్గర ఆ ఇల్లు ఉంది. కింద ఇంటివాళ్ళు, పైన వచ్చిపోయేవాళ్ళు. గేటుకు ‘బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్’ అని బోర్డు వేలాడుతున్నా వీధిలో అందరికీ అది గదుల ఇల్లే. పెద్దాస్పత్రికి వచ్చేవాళ్ళు, పరీక్షలు రాయడానికి వచ్చేవాళ్ళు, ఊరి నడుమ హోటళ్ళ హోరు పడనివాళ్ళు అక్కడ దిగుతారు. రాత్రికి శుభ్రమైన పక్క, పొద్దున కాల్చిన రొట్టె, గుడ్డు, పండ్ల ముక్కలు, టీ. ఇంతకు మించి ఆ ఇల్లు ఎవరికీ ఏదీ ఇస్తానని చెప్పుకోలేదు.

ఆ ఇంటిని పంతొమ్మిదేళ్ళు నడిపింది ఇద్దరు ఆడవాళ్ళు. ఒకరు ఆ ఇంటి ఇల్లాలు. ఇంకొకరు ఆమె ఆడపడుచు, పెళ్ళి మాటెత్తితే మాట మార్చేసి అన్నగారింట్లోనే ఉండిపోయిన మనిషి. దిగినవాళ్ళు ఒకరిని పెద్దావిడ అనీ, రెండో ఆమెను చిన్నావిడ అనీ పిలిచేవారు. ఇద్దరికీ తేడా మూడేళ్ళే. అయినా పిలుపుకు వయసుతో పనేముంది, పెద్దావిడ ముప్పై ఆరో ఏటనే పెద్దావిడ అయి కూర్చుంది.

గదులు ఇద్దామన్న ఆలోచన చిన్నావిడది. అంతకుముందు ఆమె పెద్దాస్పత్రిలో ఏడేళ్ళు ఆయాగా చేసింది. రోగుల తాలూకు మనుషులు వరండాల్లో పాత పేపర్లు పరుచుకుని పడుకోవడం చూసి చూసి, ఒకరోజు ఇంటికొచ్చి అంది.

"మన పైఅంతస్తులో బొద్దింకలు కాపురం చేస్తున్నాయి వదినా. వాటికంటే మనుషులు నయం కదా."

అన్నగారిది నీళ్ళ మీటర్లు చూసే ఉద్యోగం. లోకమంతా ఆయనకు మీటరులోంచే కనబడేది. "బొద్దింకలు నీళ్ళు వాడవే" అన్నాడు గానీ అడ్డు చెప్పలేదు.

వంట పెద్దావిడది, లెక్కలూ రిజిస్టరూ ఆయనవి. పక్కలు సర్దడం మాత్రం ఇద్దరి పని. మంచానికి కిటికీవైపు పెద్దావిడ, తలుపువైపు చిన్నావిడ. దుప్పటి గాల్లోకి ఎగరేస్తే అది దిగేలోపు సగం మాట ఈవిడది, మిగతా సగం ఆవిడది. పెద్దావిడ తన వైపు కొసను పరుపు కిందికి నేరుగా కుక్కేస్తుంది. చిన్నావిడ అలా కాదు. కాళ్ళవైపు మూలను పైకెత్తి, త్రికోణంగా పరుపు మీద పడేసి, కింద వేలాడేదాన్ని లోపలికి తోసి, అప్పుడు ఆ త్రికోణాన్ని దించి అరచేత్తో ఒక్క రాపు రాస్తుంది. ఉత్తరం కవరు మూసినట్టు ఉంటుంది ఆ మూల. ఆస్పత్రిలో అబ్బిన విద్య. దాంతో ఆ ఇంట్లో ప్రతి మంచానికీ ఒక మూల ఒక తీరు, ఇంకో మూల ఇంకో తీరు. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు.

"పడుకునేది మనిషా, పోస్టులో వేసే ఉత్తరమా? అంత బిగించావు" అనేది పెద్దావిడ.

"నువ్వు కుక్కిన వైపు చూడు వదినా. తెల్లారేసరికి దుప్పటి వాడి మెడకు చుట్టుకుంటుంది. పోలీసులొస్తే నీ పేరే చెప్తాను."

"నా పేరు చెప్తే రేపట్నించి నీకు టీ ఎవరు పెడతారే?"

"అదీ నిజమే. అయితే అన్నయ్య పేరు చెప్తాలే."

ఆ ఇంట్లో ఇంకో రివాజు ఉంది. గుమ్మం పక్కన ఒక చెక్క పలక, దానికి మేకులు. దిగినవాళ్ళు బయటికి వెళ్ళేటప్పుడు తమ గది తాళంచెవి ఆ పలకకు తగిలించి వెళ్ళాలి. తిరిగొచ్చి తీసుకోవాలి. ఇంటివాళ్ళకు ఆ లెక్క లేదు. చిన్నావిడ గది కూడా పైనే, వరసలో ఐదోది, చివరిది. ఆ తలుపుకు తాళం వేసిన గుర్తు ఎవరికీ లేదు.

ఒక మాట వరకు అన్నీ అలాగే నడిచాయి.

రెండో గదిని పాత చుట్టాల్లాంటి దంపతులు ఫోనులో ముందే చెప్పి ఉంచుకున్నారు. ఆ సాయంత్రం బస్సు దిగి ఒకామె చంటిబిడ్డతో గేటు దగ్గర నిలబడితే, చిన్నావిడ ఆ గది తీసి ఇచ్చేసింది. గంట తరువాత దంపతులు వచ్చారు. మొహాలు మాడ్చుకుని వచ్చిన దారినే వెళ్ళారు. పెద్దావిడ పైకి వెళ్ళింది. దుప్పట్ల బీరువా దగ్గర చిన్నావిడ తువ్వాళ్ళు సర్దుతోంది. చుట్టుపక్కల ఎవరూ లేరు.

"ఎవరికి ఏ గది ఇవ్వాలో చెప్పడానికి నువ్వెవరే? ఈ ఇంట్లో నువ్వూ ఒక గదిలో దిగిన మనిషివే. అది గుర్తుపెట్టుకో."

చిన్నావిడ చేతిలో తువ్వాళ్ళ దొంతర ఉంది. దాన్ని అరలో పెట్టింది. అంచులు సరిచేసింది. "సరే వదినా" అంది.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. ఆ పూటే తీసుకుంటే తీసుకోవచ్చునేమో. పెద్దావిడ తీసుకోలేదు. కోపం ఇంకా చల్లారలేదు, పొయ్యి మీద పాలు ఉన్నాయి, దిగి వచ్చేసింది.

మర్నాడు పొద్దున చిన్నావిడ వంటింట్లోకి రాలేదు. స్నానం చేసి, జుట్టు ముడేసుకుని, దిగినవాళ్ళు కూర్చునే బల్ల దగ్గర వాళ్ళ మధ్య కూర్చుంది. తరువాత వంటింటి తలుపు మీద రెండు వేళ్ళతో తట్టి, "లోపలికి రావచ్చా అండీ?" అంది. బయటికి వెళ్తూ ఐదో గదికి తాళం వేసి, తాళంచెవి పలకకు తగిలించింది. పక్కలు సర్దే వేళ పెద్దావిడ పైన ఎదురుచూస్తే చిన్నావిడ గుమ్మంలో నిలబడి నవ్వింది.

"దిగినవాళ్ళు పక్కలు సర్దరు కదా వదినా."

ఇల్లంతా దాన్ని వేళాకోళం అనుకుంది. వాళ్ళిద్దరూ ఎప్పుడూ ఏదో ఒక ఆట ఆడుతూనే ఉంటారు కదా. అన్నగారు భుజాన తువ్వాలు వేసుకుని వచ్చి వంగి నిలబడ్డాడు.

"అమ్మగారికి గుడ్డు ఉడికించమంటారా, ఆమ్లెట్ వేయమంటారా?"

"మీ వంటమనిషికి ఏది చేతనైతే అది" అంది చిన్నావిడ.

వంటింటి గుమ్మంలో నిలబడి ఇంటి కోడలు పడీ పడీ నవ్వింది. దిగినవాళ్ళూ నవ్వారు. చిన్నావిడ నవ్వింది. నవ్వకపోతే బాగుండదని పెద్దావిడ కూడా నవ్వింది. ఆ నవ్వులో ముల్లు ఎక్కడుందో ఆమె ఒక్కతెకే తెలుసు. లేదా ముల్లు లేదేమో, అది కూడా తెలియదు. ‘రేపు అడుగుదాం, దీని పొగరు ఎన్నాళ్ళుంటుందో చూద్దాం’ అనుకుంది. పై నాలుగు గదుల పక్కలూ ఒక్కతే సర్దింది. రెండు మూలలూ నేరుగా, కసిగా కుక్కింది.

తొమ్మిది రోజులు అలా గడిచాయి. పదో రోజు మధ్యాహ్నం చిన్నావిడ దారపు ఉండలు కొనుక్కొస్తానని వెళ్ళింది. మలుపు దగ్గర బస్సు కోసం బెంచీ మీద కూర్చుంది. బస్సు వచ్చింది, వెళ్ళింది, ఊరంతా తిరిగి మళ్ళీ వచ్చింది. అప్పటికీ ఆమె అక్కడే కూర్చుని ఉంటే కండక్టరుకు అనుమానం వచ్చి దిగి పలకరించాడు. గుండె అన్నారు డాక్టర్లు. బాధ పడి ఉండదు అన్నారు. ఐదో గది తాళంచెవి పలకకే ఉంది.

మూడు వారాలు గేటు బోర్డు తీసేసి, మళ్ళీ తగిలించారు. ఇల్లు కదా, నడవాలి కదా.

తెరిచిన నాలుగో రోజు. పొద్దున పక్కలు సర్దేసి కిందికి దిగిన పెద్దావిడ, మధ్యాహ్నం నీళ్ళ జగ్గులు పెట్టడానికి పైకి వెళ్ళింది. మొదటి గదిలో జగ్గు బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగేసరికి మంచం కనబడింది. కిటికీవైపు మూల తను కుక్కినట్టే ఉంది. తలుపువైపు మూల కవరులా మడత పెట్టి ఉంది. త్రికోణం మీద ముడత లేదు.

కోడలు వచ్చి సర్ది ఉంటుందని నచ్చజెప్పుకుని కిందికి దిగింది.

"పైకి వెళ్ళావా?"

"లేదు అత్తయ్యా. పొద్దుట్నించీ గిన్నెలతోనే సరిపోయింది. ఏం, ఎవరైనా పిలిచారా?"

"లేదులే."

"మొహం అలా ఉందేంటి?"

"ఎండ."

బయట మబ్బుగా ఉంది. కోడలు కిటికీలోంచి మబ్బును చూసి, అత్తను చూసి, మళ్ళీ గిన్నెల్లో చెయ్యి పెట్టింది.

పెద్దావిడ పైకెళ్ళి ఆ మడత విప్పి నేరుగా కుక్కింది. మర్నాడు మూడో గదిలో కనబడింది. ఆ మర్నాడు ఎక్కడా లేదు. ఆపైన వరసగా రెండు గదుల్లో. ఎప్పుడూ తలుపువైపే, చిన్నావిడ నిలబడే వైపే. ఒకరోజు మొదటి గది ఖాళీగా ఉంటే, పక్క సర్ది తాళం వేసి, తాళంచెవి చీర కొంగుకు ముడేసుకుంది. అన్నం తింటున్నా, బట్టలు ఆరేస్తున్నా ఆ ముడిని తడుముకుంటూనే ఉంది. సాయంత్రం తాళం తీసి చూసింది. తలుపువైపు మూల, కవరు మడత.

మొదటి వారం భయం. గదిలోకి వెళ్ళేముందు గొంతు సవరించుకునేది, లోపల ఎవరైనా ఉంటే సర్దుకోవడానికి వ్యవధి ఇచ్చినట్టు. దుప్పట్ల బీరువా తలుపు తెరిస్తే పక్కన ఎవరో తువ్వాళ్ళు అందుకోవడానికి చెయ్యి చాచినట్టుండేది. ఈమె చెయ్యి తనంతట తానే కాస్త పక్కకు జరిగేది.

రెండో వారానికి భయం పోయింది. దాని చోట ఇంకోటి వచ్చి కూర్చుంది. ఒక మధ్యాహ్నం ఆ మడత మీద వేలు పెట్టి నిలబడి ఉంటే చిన్నావిడ మాట చెవిలో పడ్డట్టు గుర్తొచ్చింది. ‘దిగినవాళ్ళు పక్కలు సర్దరు కదా వదినా.’ నిజమే కదా. దిగినవాళ్ళు సర్దరు. ఇంటి మనిషే సర్దుతుంది. ఇది వచ్చి పక్కలు సర్దుతోందంటే ఆ మాటను వదిలేసినట్టే కదా. మళ్ళీ ఇంటి మనిషిగా వచ్చినట్టే కదా.

అప్పట్నించి పెద్దావిడ ఆ మూలలు విప్పలేదు. పొద్దున పని తరువాత మధ్యాహ్నం కోసం కాచుకుని కూర్చునేది. మడత కనబడిన రోజున రెండు ముద్దలు ఎక్కువ తినేది. కనబడని రోజున తనేం తప్పు చేసిందోనని వెతుక్కునేది. నాలుగో గదిలో దిగిన ఒకావిడ కోడలితో అంది. "మీ అత్తగారు పైన ఎవరితోనో చక్కగా కబుర్లు చెప్తున్నారమ్మా. ఫోనా?" కోడలు ఔనంది. పెద్దావిడకు ఫోను పట్టుకోవడమే రాదు.

పరీక్షల రోజులు దగ్గరపడ్డాయి. గేటు దగ్గరికి వచ్చినవాళ్ళను గదుల్లేవని తిప్పి పంపాల్సి వస్తోంది. ఒక పొద్దున భర్త టీ గ్లాసు పట్టుకుని నెమ్మదిగా అన్నాడు.

"ఐదో గది శుభ్రం చేయిద్దామా?"

"శుభ్రంగానే ఉంది."

"ఉంటే మరీ మంచిది. ఎవరికైనా ఇద్దాం. ఖాళీగా పెట్టి ఏం చేస్తాం?"

"ఆ గది ఖాళీగా లేదు."

"ఎవరున్నారు?"

పెద్దావిడ రొట్టె ముక్క తిరగేసింది. తాళం వేసి ఉన్న ఇంట్లో మీటరు తిరుగుతుంటే చూసినట్టు ఆయన ఆమెను చూశాడు. తరువాత గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన గ్లాసు ఆయన కడగడం ఆమె చూసింది అప్పుడే.

ఆ వారంలోనే మిషన్లాయన వచ్చాడు. ఈ చుట్టుపక్కల బట్టల కర్మాగారాల్లో కుట్టుమిషన్లు బాగుచేసే మనిషి. ఏడాదికి మూడు నాలుగుసార్లు వస్తాడు, పదేళ్ళుగా మూడో గదే. చిన్నావిడ పోయిందన్న కబురు గేటు దగ్గరే విని చాలాసేపు చెప్పులు విప్పకుండా నిలబడ్డాడు. మర్నాడు నడుం పట్టేసి పనికి వెళ్ళలేకపోయాడు. పెద్దావిడ పక్క సర్దడానికి వెళ్ళేసరికి కుర్చీలో వంకరగా కూర్చుని ఉన్నాడు.

"లేవకు తమ్ముడూ. నా పని నేను చేసుకుపోతాను."

"మిషన్ల కంటే ముందు నేనే రిపేరుకొచ్చాను అక్కయ్యా. నన్ను విప్పి నూనె వేసేవాడు ఎవడో చూడాలి."

ఆమె నవ్వి పాత దుప్పటి లాగేసింది. కొత్తది విసిరి పరిచింది. అతని కూతురికి సంబంధం కుదిరిందా అని అడిగింది. కుదిరి తప్పిపోయిందన్నాడు. ఎందుకని అడిగింది. కిటికీవైపు కుక్కింది. అబ్బాయి పొడుగు చాలదని కూతురే వద్దందట. "పొడుగేం చేసుకుంటుంది, అటక మీద సామాను దించడానికా?" అంటూ ఇటువైపు వచ్చింది. అతను నవ్వబోయి నడుం పట్టుకున్నాడు.

"మీ ఇద్దరూ ఉన్నప్పుడు ఈ మంచానికి ఒక మూల ఒకలా, ఇంకో మూల ఇంకోలా ఉండేది. నాకు తమాషాగా అనిపించేది అక్కయ్యా. ఇప్పుడు మీరొక్కరే అయినా అలాగే పెడుతున్నారు."

"ఏం పెడుతున్నాను?"

"అదే, ఆ కవరు మూల. చిన్నక్కయ్యది."

"నేను పెట్టలేదు తమ్ముడూ. నేను పెట్టను."

"మరెవరు పెట్టారు? నా కళ్ళముందేగా, ఇప్పుడు."

పెద్దావిడ కిందికి చూసింది. తన అరచెయ్యి త్రికోణం మీద ఉంది. రాపు ఇంకా పూర్తి కాలేదు.

"నేను నేరుగా కుక్కాను" అంది.

"అటువైపు నేరుగానే కుక్కారు. ఇటొచ్చాక మడత పెట్టారు." అతను మెచ్చుకోలుగానే చెప్తున్నాడు పాపం. "నా బతుకంతా చేతులు చూడడమే అక్కయ్యా. మిషను ముందు కూర్చున్న మనిషి మాట్లాడుతుంటే చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. ఆపి, ఎలా కుట్టావమ్మా అని అడిగితే చెప్పలేరు. పంతొమ్మిదేళ్ళు ఎదురుగా చూశారు కదా. చేతికి పట్టుబడిపోయింది."

ఆమె ఏదో అని బయటపడింది. నాలుగో గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. సర్ది ఉన్న పక్కను పీకేసింది. చెయ్యి వంకే చూస్తూ తలుపువైపు కుక్కింది. నేరుగా వచ్చింది. మళ్ళీ పీకింది. ఈసారి కళ్ళు గోడ మీద పెట్టి, చాకలికి వేయాల్సిన దిండు గలీబులు ఎన్నో మనసులో ఎంచుకుంటూ కుక్కింది. ఎనిమిది, తొమ్మిది, పదకొండు. కళ్ళు దించి చూసింది.

కవరు మడత.

తాళం వేసిన గదిలోకి ఎవరూ రాలేదు. బీరువా పక్కన ఎవరూ నిలబడలేదు. తనే పెట్టి, తనే తాళం వేసి, తనే సాయంత్రం వెళ్ళి చూసి క్షమాపణ దొరికిందనుకుని రెండు ముద్దలు ఎక్కువ తిన్నది. పెద్దావిడ మంచం పట్టె పట్టుకుని నేల మీద కూలబడింది. మలుపు బెంచీ మీది నుంచి కబురొచ్చిన రోజున కూడా అలా కూర్చోలేదు. ఆ రోజు చెయ్యాల్సిన పనులున్నాయి. ఇవాళ ఏమీ లేదు. రెండోసారి పోయింది చిన్నావిడ, ఈసారి ఎవరూ వచ్చి పలకరించరు.

ఆ సాయంత్రం భర్త పెరటి మెట్ల మీద కూర్చుని బూట్లకు రంగు వేసుకుంటున్నాడు. ఉద్యోగం అయిపోయి ఆరేళ్ళయినా వారానికోసారి బూట్లకు రంగు వేస్తాడు. పెద్దావిడ వచ్చి కింది మెట్టు మీద కూర్చుంది.

"ఒక మాట చెప్పాలండీ."

"చెప్పు."

"మీ చెల్లెలు ఆ తొమ్మిది రోజులూ ఎందుకలా చేసిందో మీకు తెలుసా?"

"ఎందుకేముంది. మీ ఇద్దరి ఆట అది."

"కాదు. నేనొక మాటన్నాను." ఆ మాట చెప్పింది. ఉన్నదున్నట్టు, తగ్గించకుండా చెప్పింది. చెప్పేటప్పుడు బీరువా దగ్గర అన్న గొంతే వచ్చింది, మెల్లగా చెబుదామన్నా రాలేదు.

ఆయన బూటు కింద పెట్టాడు. బ్రష్షు పక్కన పెట్టాడు.

"అదేంటే. నేను తువ్వాలు వేసుకుని మరీ వెళ్ళి గుడ్డు ఎలా కావాలి అని అడిగానే."

"అడిగారు."

"రోజూ అడిగాను."

"నవ్వింది కదా మీతో?"

"నవ్వింది."

"ఎలా నవ్వింది?"

"ఎలా ఏంటి, నవ్వు నవ్వులాగే ఉంది." "నాకేం తెలుసు. ఆటనుకుని చూశాను. ఇంకోలా చూడాలని నువ్వు చెప్పలేదు. ఒక్కరోజు ముందు చెప్పి ఉంటే కూర్చోబెట్టి అడిగేవాణ్ణి కదా."

"నాకు అహం అడ్డొచ్చింది."

"నీకు అహం అడ్డొచ్చింది. నాకు వెటకారం అడ్డొచ్చింది. చెల్లెలు మన మధ్యలో కూర్చుని రొట్టె తిన్నది."

ఓదారుస్తాడని ఆమె రాలేదు. తిడతాడనుకుంది, అదీ చెయ్యలేదు. ఒక బూటు మెరుస్తూ, ఇంకోటి దుమ్ముతో, రెండూ అక్కడే వదిలేసి ఆయన గేటు దాకా వెళ్ళి బస్సుల మలుపు వైపు చూస్తూ నిలబడ్డాడు. రెండు రోజులు ఇద్దరి మధ్యా అవసరానికి మించి మాట లేదు. మూడోరోజు పొద్దున ఆమె టీ పోస్తుంటే ఆయన అన్నాడు.

"నేను దాన్ని అడగలేదు. నువ్వూ అడగలేదు. ఇక ఎవర్ని అడుగుతాం చెప్పు."

"ఎవర్నీ అడగలేం."

"అంతే."

ఆయన టీ తాగేదాకా ఆమె అక్కడే నిలబడింది. తరువాత అంది. "ఐదో గది ఇచ్చేద్దాం. ఇన్నాళ్ళూ ఆ గదిలో ఉన్నదనుకున్నాను. లేదు."

ఆయన తల ఎత్తి ఆమెను చూశాడు.

ఆ సాయంత్రమే ఒక లెక్చరరు అమ్మాయి చిన్న పెట్టెతో వచ్చింది. పక్క కాలేజీలో పరీక్షల డ్యూటీ, నాలుగు రోజులు. పెద్దావిడే పైకి తీసుకెళ్ళింది. పొద్దున్నే గది తుడిచి, పక్క సర్ది పెట్టింది. చిన్నావిడ బట్టలు కోడలు సంచిలో పెట్టి దాచింది గానీ, కిటికీ అరలో దారపు ఉండల డబ్బా, అద్దం పక్కన దువ్వెన, గోడకు ఆస్పత్రి రోజుల నాటి పాత గడియారం అలాగే ఉన్నాయి. తియ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు.

అమ్మాయి పెట్టె కింద పెట్టి చుట్టూ చూసింది. కూర్చోబోయి, మళ్ళీ లేచి నిలబడింది.

"ఈ గది ఎవరిదో కదండీ?"

"మా ఆడపడుచుది."

"అయ్యో. నేనుంటే ఆవిడకేం ఇబ్బంది లేదు కదా?"

పెద్దావిడ తలుపు గడియ మీద చెయ్యి పెట్టి నిలబడింది. లేదమ్మా అంటే సరిపోయేది. గదుల ఇంట్లో రోజుకు పదిసార్లు అనే మాటే అది.

"తెలీదమ్మా. అడగలేకపోయాను."

పెద్దావిడ జగ్గు మీద మూత సరిచేసింది. "వేడినీళ్ళు ఆరు నుంచి వస్తాయి. కుళాయి కాస్త బిగుతు, ఎడమకు తిప్పాలి. పొద్దున ఎన్నింటికి టీ కావాలో చెప్పు."

"ఆరున్నరకండీ."

"సరే."

తలుపు దగ్గరగా వేసి, చీకటి పడుతున్న వసారాలోంచి నడిచి, మెట్లు దిగింది. దిగుతూ దిగుతూ తను గోడవైపు ఒదిగి ఉన్నట్టు గమనించుకుంది, పక్కన ఇంకో మనిషి దిగడానికి చోటు వదిలి. ఎన్నాళ్ళుగా అలా దిగుతోందో. మెట్టు మధ్యకు జరగబోయి ఆగింది. ఈసారి తెలిసే గోడవైపు ఒదిగి, ఒక్కో మెట్టే దిగి, వంటింట్లోకి వెళ్ళి దీపం వేసింది.